పోలింగుకు ముందు జరిగే ఎన్నిక: పలాస, టెక్కలి, ఉద్దానం ప్రాంతాల్లో అభ్యర్థుల ఎంపిక - కులం, జెండర్

వ్యాససంగ్రహం

ఓటరు కులం చూసి ఓటు వేస్తాడా, స్త్రీ అభ్యర్థిని బలపరచడానికి వెనుకాడతాడా అన్న ప్రశ్నలకు సమాధానాన్ని పోలింగు ఫలితాల్లో వెతకడం పరిపాటి. అమెరికా ప్రైమరీ ఎన్నికల విషయంలో ఈ పద్ధతి కొంతవరకు పనిచేస్తుంది. ఒకే పార్టీలోని అభ్యర్థుల మధ్య ఎంచుకునే అవకాశం అక్కడ సామాన్య ఓటరుకు ఉంటుంది. తెలుగునాట ఆ దశ పార్టీ కార్యాలయంలో ముగుస్తుంది. శ్రీకాకుళం జిల్లా పలాస, టెక్కలి, ఇచ్ఛాపురం శాసనసభ నియోజకవర్గాలను, శ్రీకాకుళం లోక్‌సభ స్థానాన్ని ఆధారంగా చేసుకొని, కులం, జెండర్ అనే రెండు అంశాలు ఓటరు దగ్గరకు చేరకముందే, టికెట్ కేటాయింపులోనే ఎక్కువగా పనిచేస్తున్నాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఉద్దానం, పలాస, టెక్కలి, టికెట్, బి-ఫారం, కులం, జెండర్, ప్రైమరీ ఎన్నిక, మహిళా రిజర్వేషన్.

ప్రవేశిక

పలాస నియోజకవర్గంలో 2019, 2024 శాసనసభ ఎన్నికల్లో రెండు ప్రధాన పక్షాల అభ్యర్థులు మారలేదు. వైఎస్సార్ కాంగ్రెస్ పక్షాన డాక్టర్ సీదిరి అప్పలరాజు, తెలుగుదేశం పక్షాన గౌతు శిరీష రెండుసార్లూ తలపడ్డారు. మొదటిసారి అప్పలరాజు సుమారు 16 వేల ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. రెండోసారి శిరీష సుమారు 40 వేల ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. ఈ ఐదేళ్లలో ఆయన కులం మారలేదు, ఆమె కులమూ మారలేదు. ఒకరు పురుషుడు, మరొకరు స్త్రీ అన్న సంగతీ మారలేదు. ఫలితం మాత్రం తలకిందులైంది.

2019 ఫలితాన్ని చూసి 'ఆడమనిషిని ఇక్కడి ఓటరు ఒప్పుకోడు' అని ఎవరైనా తీర్మానించి ఉంటే, 2024లో ఆ తీర్మానం కూలిపోయేది. 2024 ఫలితాన్ని చూసి 'ఉద్దానం ఓటరుకు జెండర్ పట్టింపు లేదు' అనడం కూడా అంతే తొందరపాటు. రెండు తీర్మానాలూ ఒకే పొరపాటు మీద నిలబడ్డాయి. అంతిమ ఎన్నికలో ఓటరు ముందు ఉండేది స్త్రీ పురుషుల మధ్య ఎంపిక కాదు. సైకిలు, ఫ్యాను గుర్తుల మధ్య, ముఖ్యమంత్రి పదవికి పోటీపడుతున్న ఇద్దరు నాయకుల మధ్య, వచ్చిన పథకానికి, వస్తుందన్న పథకానికి మధ్య ఎంపిక అది. వాటన్నిటి నడుమ అభ్యర్థి కులం, జెండర్ ఎంత బరువు తూగాయో ఓట్ల లెక్క విడదీసి చెప్పదు. వాటి బరువు తెలియాలంటే పార్టీ గుర్తును పక్కన పెట్టి చూడగల సందర్భం కావాలి. అటువంటి సందర్భమే ప్రైమరీ ఎన్నిక.

ప్రైమరీ ఎన్నిక: అక్కడ, ఇక్కడ

అమెరికాలో ఒక పార్టీ తరఫున ఎవరు పోటీచేయాలన్నది ఆ పార్టీని బలపరిచే ఓటర్లే ముందుగా ఓటు వేసి తేల్చే పద్ధతిని ప్రైమరీ అంటారు. ఇరవయ్యో శతాబ్ది తొలి దశకాల్లో రాష్ట్రాల స్థాయిలో బలపడిన ఈ పద్ధతి, 1968 తర్వాతి సంస్కరణలతో 1972 నుండి అధ్యక్ష అభ్యర్థి ఎంపికలో నిర్ణాయకమైంది. 2008లో డెమొక్రటిక్ పార్టీ ప్రైమరీలలో బరాక్ ఒబామా, హిల్లరీ క్లింటన్ తలపడినప్పుడు ఇద్దరిదీ ఒకే పార్టీ, విధానాల్లోనూ పెద్ద తేడా లేదు. కనుక జాతి, జెండర్ ఓటరు మొగ్గును ఎలా మలుస్తాయన్నది పరిశోధకులకు స్పష్టంగా కనిపించింది. అక్కడ కూడా ఓటరు తన ఇష్టాన్ని ఒక్కదాన్నే చూడలేదు. 'ఇతడు గెలవగలడా' అన్న అనుమానాన్ని కూడా లెక్కలో వేసుకున్నాడు. శ్వేతజాతీయులు అత్యధికంగా ఉన్న అయోవా రాష్ట్రంలో 2008 జనవరి 3న ఒబామా గెలిచాక, అంతవరకు తటపటాయించిన నల్లజాతి ఓటర్లు అనేకులు ఆయన వైపు తిరిగారు. ఇతరుల పక్షపాతాన్ని ఊహించి తన ఓటును సర్దుకోవడం అన్న ఈ అంశం తెలుగునాట అభ్యర్థుల ఎంపికను అర్థం చేసుకోవడానికి కీలకం.

తెలుగువారికి దగ్గరి ఉదాహరణ అరుణా మిల్లర్. హైదరాబాదులో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఆమె 2018లో మేరీలాండ్ ఆరో కాంగ్రెస్ స్థానానికి డెమొక్రటిక్ ప్రైమరీలో పోటీచేసి, వ్యాపారవేత్త డేవిడ్ ట్రోన్ చేతిలో ఓడిపోయారు. 2022లో వెస్ మూర్‌తో జంటగా పోటీచేసి ఆ రాష్ట్ర లెఫ్టినెంట్ గవర్నరుగా ఎన్నికయ్యారు. ఓడినా గెలిచినా ఆమె పేరు ఓటరు ముందుకు వచ్చింది. నిర్ణయం బహిరంగంగా జరిగింది, దానికి లెక్క ఉంది.

భారతదేశంలో ఆ లెక్క లేదు. అభ్యర్థుల ఎంపికపై మైకేల్ గలాఘర్, మైకేల్ మార్ష్ 1988లో వెలువరించిన సంపుటం ఈ ప్రక్రియను రాజకీయాల 'రహస్య ఉద్యానం' అని పేర్కొన్నది. తెలుగు రాజకీయ వ్యవహారంలో ఆ ఉద్యానానికి తాళంచెవి వంటి మాట 'బి-ఫారం'. 1968 నాటి ఎన్నికల గుర్తుల ఉత్తర్వు ప్రకారం ఒక వ్యక్తిని పార్టీ తన అభ్యర్థిగా గుర్తించినట్లు అధీకృత నాయకుడు సంతకం చేసి ఇచ్చే పత్రమిది. ఆ సంతకం వెనుక ఏ ప్రమాణాలు పనిచేశాయో చెప్పవలసిన బాధ్యత పార్టీకి లేదు. నేరారోపణలు ఉన్నవారిని నిలబెట్టినప్పుడు మాత్రం, ఎందుకు ఎంచుకున్నారో పార్టీలు ప్రకటించాలని, 'గెలవగలడు' అన్న ఒక్క కారణం చాలదని సుప్రీంకోర్టు 2020 ఫిబ్రవరిలో ఆదేశించింది. ఒక కులాన్నో స్త్రీలనో ఎంచుకోకపోవడానికి కారణం చెప్పమని అడిగే నియమం ఏదీ లేదు.

ప్రైమరీకి దగ్గరగా వచ్చిన ప్రయత్నాలు కొన్ని ఉన్నాయి. 2014 లోక్‌సభ ఎన్నికలకు ముందు కాంగ్రెస్ కొన్ని స్థానాల్లో పార్టీ శ్రేణుల ఓటింగుతో అభ్యర్థులను ఎంపికచేసింది. 2024 ఎన్నికలకు ముందు తెలుగుదేశం ఐవీఆర్‌ఎస్ ఫోన్ కాల్స్ ద్వారా నియోజకవర్గాలలో అభిప్రాయ సేకరణ జరిపింది. రికార్డు చేసిన గొంతు పేర్లు చదువుతుంది, నచ్చినవారికి ఫలానా అంకె నొక్కాలి. వైఎస్సార్ కాంగ్రెస్ సర్వేల ఆధారంగా 2023 డిసెంబరు నుండి విడతలవారీగా నియోజకవర్గ ఇన్‌చార్జులను మార్చింది. ఈ రెంటిలోనూ జనాభిప్రాయం ఏదో ఒక రూపంలో చేరింది. అయితే ఎవరి పేరు జాబితాలో ఉండాలన్నది ముందే నిర్ణయమైంది, ఫలితం బయటికి రాలేదు. ప్రైమరీకి ప్రాణమైన లక్షణాలు రెండూ ఇక్కడ లోపించాయి.

ఉద్దానం సామాజిక చిత్రం

ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో విస్తరించిన ఉద్దానం కొబ్బరి, జీడి తోటల సీమ. ఇటీవలి దశాబ్దాల్లో మూత్రపిండాల వ్యాధితో దేశం దృష్టికి వచ్చిన ప్రాంతం. 2008 పునర్విభజనలో పాత సోంపేట నియోజకవర్గం రద్దయి పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాలతో పలాస నియోజకవర్గం ఏర్పడింది. సోంపేట, కవిటి, కంచిలి మండలాలు ఇచ్ఛాపురం నియోజకవర్గంలో ఉన్నాయి. టెక్కలి, నందిగాం, సంతబొమ్మాళి, కోటబొమ్మాళి మండలాలు టెక్కలి నియోజకవర్గం. మూడూ జనరల్ స్థానాలే. అయినా ప్రధాన పక్షాలు ఇక్కడ వెనుకబడిన తరగతుల అభ్యర్థులనే నిలబెట్టడం ఆనవాయితీ అయింది. రిజర్వేషన్ చట్టం చేయని పనిని ఇక్కడ జనసంఖ్య చేసింది.

కాళింగ, కొప్పుల వెలమ, తూర్పు కాపు కులాలు జిల్లా రాజకీయాల్లో ప్రధానమైనవి. కాళింగులలోనే బూరగాన, కింతల వంటి శాఖాభేదాలున్నాయి. తీరం వెంబడి జాలరి, వాడబలిజ మొదలైన మత్స్యకార కులాలు, తోటల్లో, పల్లెల్లో యాత, శ్రీశయన, రెడ్డిక, సొండి మొదలైన కులాలు, మందస కొండల్లో సవరలు, సరిహద్దు వెంట ఒడియా మాట్లాడేవారు ఉన్నారు. పూర్తిస్థాయి కులగణన వివరాలు చివరిసారి వెలువడింది 1931లో. కనుక ఎన్నికల వేళ పత్రికల్లో కనిపించే 'ఫలానా కులం ఓట్లు ఇన్ని వేలు' అన్న పట్టికలన్నీ అంచనాలే. వాటిని ఆధారంగా తీసుకొనే పరిశోధకులు ఈ సంగతి మరవరాదు. ఆ అంచనాలను తయారుచేసేది చాలా సందర్భాల్లో టికెట్ ఆశిస్తున్నవారే.

కులమే సర్వస్వమన్న వాదానికి ఈ నేల మీదే ప్రతివాదం ఉంది. నాలుగో లోక్‌సభలో శ్రీకాకుళానికి ప్రాతినిధ్యం వహించిన ఆచార్య ఎన్.జి. రంగా గుంటూరు జిల్లావారు. 1994లో టెక్కలి ప్రజలు గెలిపించిన ఎన్.టి. రామారావు కృష్ణా జిల్లావారు. ఇద్దరి కులానికీ ఈ ప్రాంతంలో చెప్పుకోదగ్గ జనసంఖ్య లేదు. పార్టీ, నాయకుడు అనే రెండు అంశాలు బలంగా ఉన్నప్పుడు ఓటరు కులం గీత దాటగలడని ఇవి చూపుతాయి. దాటలేడన్న భయం ఓటరులో కంటే టికెట్ ఇచ్చేవారిలో ఎక్కువని అనుకోవడానికి ఇది ఒక ఆధారం.

పలాస: రెండు బలహీనతల కూడిక కాదు

పలాసలో తలపడిన ఇద్దరి నేపథ్యాలను పక్కపక్కన పెడితే కులం, జెండర్ ఎలా ముడిపడతాయో తేటపడుతుంది. గౌతు శిరీష స్వాతంత్ర్య సమరయోధుడు, రైతు ఉద్యమ నాయకుడు సర్దార్ గౌతు లచ్చన్న మనుమరాలు. సోంపేట నుంచి పలుమార్లు, 2014లో పలాస నుంచి శాసనసభకు ఎన్నికైన గౌతు శ్యామసుందర శివాజీ కుమార్తె. కల్లుగీత వృత్తి కులం నుంచి వచ్చిన లచ్చన్న గీత కార్మికులనూ జమీందారీ రైతులనూ సమీకరించి, ఒక కులానికి పరిమితం కాని పేరు సంపాదించారు. సీదిరి అప్పలరాజు వజ్రపుకొత్తూరు మండలం దేవునల్తాడకు చెందిన మత్స్యకార కుటుంబంలో పుట్టి వైద్యుడైన వ్యక్తి. ఆయనకు రాజకీయ వారసత్వం లేదు. 2019లో తొలి పోటీలోనే గెలిచి, 2020 జులైలో మోపిదేవి వెంకటరమణ రాజ్యసభకు వెళ్లగా ఖాళీ అయిన స్థానంలో మంత్రి అయ్యారు. ఆ స్థానం మత్స్యకార వర్గానిదన్న లెక్క ఆ నియామకంలో స్పష్టంగా కనిపిస్తుంది.

వీరిలో 'వెనుకబడినవారు' ఎవరు? జెండర్ వైపు నుంచి చూస్తే శిరీష. రాజకీయ వనరుల వైపు నుంచి, తీరప్రాంత మత్స్యకారుల సామాజిక స్థితి వైపు నుంచి చూస్తే అప్పలరాజు. నల్లజాతి స్త్రీల అనుభవాన్ని వివరించడానికి కింబర్లీ క్రెన్‌షా 1989లో ప్రతిపాదించిన 'ఇంటర్‌సెక్షనాలిటీ' భావనకు ఆమె వాడిన పోలిక నాలుగు రోడ్ల కూడలి. అక్కడ ప్రమాదం ఏ రోడ్డు మీదుగా వచ్చిందో విడదీసి చెప్పలేం. ఆ పోలికను పలాసకు తిప్పి అన్వయించవచ్చు. ఒక రోడ్డు నుంచి వచ్చే అడ్డంకిని మరో రోడ్డు నుంచి వచ్చే బలం పూడ్చగలదు. శిరీష విషయంలో ఇంటిపేరు జెండర్ అడ్డంకిని దాటించింది. అప్పలరాజు విషయంలో పురుషుడు కావడం, వైద్యవృత్తి, తీరప్రాంత ఓటు కలిసి వారసత్వం లేని లోటును పూడ్చాయి. మత్స్యకార కుటుంబంలో పుట్టిన, వారసత్వం లేని స్త్రీకి ఏమవుతుందన్నదే ఇక మిగిలే ప్రశ్న. 2019, 2024లలో రెండు ప్రధాన పక్షాల నుండీ ఆమె అభ్యర్థిగా ఓటరు ముందుకు రాలేదు. రాని అభ్యర్థిని ఓటరు తిరస్కరించాడనడానికి వీల్లేదు.

ఫలితాల పోలిక మరొక హెచ్చరిక చేస్తుంది. 2019, 2024ల మధ్య టెక్కలిలో కింజరాపు అచ్చెన్నాయుడు ఆధిక్యం సుమారు 8,500 నుంచి 34 వేలకు పెరిగింది. ఇచ్ఛాపురంలో బెందాళం అశోక్ ఆధిక్యం సుమారు 7 వేల నుంచి 39 వేలకు పైగా పెరిగింది. పలాసలో 16 వేల లోటు 40 వేల ఆధిక్యమైంది. అంటే తెలుగుదేశం వైపు కదలిక మూడింటిలో పలాసలోనే ఎక్కువ, అక్కడి అభ్యర్థి స్త్రీ. ఇచ్ఛాపురంలో ఓడిన వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి పిరియా విజయ కూడా స్త్రీయే. ఒకే గాలి ఒక స్త్రీని గెలిపించింది, మరొకరిని ఓడించింది. మంత్రిపై వ్యతిరేకత, తెలుగుదేశం, జనసేన, భారతీయ జనతా పార్టీల పొత్తు, ప్రభుత్వ వ్యతిరేక గాలి అన్నీ ఈ అంకెల్లో కలిసిపోయాయి. 2023 డిసెంబరులో ఉద్దానం తాగునీటి పథకం, పలాస కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమైనా ఆ గాలి ఆగలేదు.

లోక్‌సభ స్థానం: వచ్చి వెళ్లిన అవకాశం

శ్రీకాకుళం లోక్‌సభ స్థానం చరిత్ర ఇంకా ఆసక్తికరం. 2009లో మూడు ప్రధాన పక్షాల్లో రెండు మహిళలను నిలబెట్టాయి. కాంగ్రెస్ తరఫున టెక్కలిలో వైద్యురాలిగా పేరుపొందిన డాక్టర్ కిల్లి కృపారాణి, ప్రజారాజ్యం తరఫున వరుదు కల్యాణి. తెలుగుదేశం నాయకుడు కింజరాపు ఎర్రన్నాయుడిపై కృపారాణి దాదాపు 83 వేల ఓట్ల ఆధిక్యంతో గెలిచి, 2012 అక్టోబరులో కేంద్ర సహాయమంత్రి అయ్యారు. ఈ జిల్లా ఓటరు స్త్రీకి పెద్ద పదవి ఇవ్వడన్న మాటకు ఇంతకంటే గట్టి ఖండన అక్కరలేదు. 2014లోనూ కాంగ్రెస్ తరఫున ఆమె, వైఎస్సార్ కాంగ్రెస్ తరఫున పాలవలస రాజశేఖరం కుమార్తె రెడ్డి శాంతి పోటీచేశారు. గెలిచినది 2012లో రోడ్డు ప్రమాదంలో మరణించిన ఎర్రన్నాయుడి కుమారుడు రామ్మోహన్‌నాయుడు.

ఆ తర్వాత వరుస మారింది. 2019లో వైఎస్సార్ కాంగ్రెస్ టెక్కలి శాసనసభకు పేరాడ తిలక్‌ను, లోక్‌సభకు దువ్వాడ శ్రీనివాస్‌ను నిలబెట్టింది. 2024లో ఇద్దరి స్థానాలూ తారుమారయ్యాయి. శ్రీనివాస్ టెక్కలికి, తిలక్ లోక్‌సభకు. ఇద్దరూ కాళింగులే. వెలమ వర్గానికి చెందిన కింజరాపు కుటుంబానికి ఎదురుగా కాళింగ అభ్యర్థి అన్న సూత్రం రెండుసార్లూ చెక్కుచెదరలేదు. అదే సామాజికవర్గానికి చెంది, అదే కుటుంబాన్ని ఒకసారి ఓడించిన కృపారాణి 2019 ఎన్నికలకు ముందే ఆ పార్టీలో చేరారు. జిల్లా అధ్యక్ష పదవి లభించింది, టికెట్ లభించలేదు. 2024లో ఆమె తిరిగి కాంగ్రెస్‌లో చేరి టెక్కలి నుంచి పోటీచేశారు. ఒక పార్టీని తప్పుపట్టడం ఇక్కడి ఉద్దేశం కాదు. తెలుగుదేశం 2009 నుంచి 2024 వరకు ఈ లోక్‌సభ స్థానాన్ని కింజరాపు కుటుంబానికే ఇచ్చింది. గమనించవలసింది వేరే ఉంది. కులసూత్రాన్ని ఒక స్త్రీ ద్వారా కూడా నెరవేర్చుకోగల అవకాశం ఎదురుగా ఉన్నప్పుడు, ఎంపిక పురుషుల మధ్యనే తిరిగింది. 2019లో రామ్మోహన్‌నాయుడి ఆధిక్యం కేవలం 6,653 ఓట్లు. అంత సన్నని తేడాలో మరో అభ్యర్థి అయితే ఏమయ్యేదో చెప్పలేం. చెప్పలేకపోవడమే ప్రైమరీ లేకపోవడం వల్ల కలిగిన నష్టం.

పుట్టిల్లు, మెట్టినిల్లు

ఈ ప్రాంతంలో శాసనసభ టికెట్ పొందిన స్త్రీల దారులు రెండు. శిరీష, పొరుగున పాతపట్నంలో 2019లో గెలిచిన రెడ్డి శాంతి పుట్టింటి దారిన వచ్చినవారు. 2009లో టెక్కలిలో గెలిచిన కొర్ల రేవతీపతి మరణించగా అదే ఏడు ఉపఎన్నికలో గెలిచిన భార్య కొర్ల భారతి, భర్త పిరియా సాయిరాజ్ పోటీచేసిన ఇచ్ఛాపురంలో 2024లో నిలబడిన పిరియా విజయ మెట్టినింటి దారిన వచ్చినవారు. వారసత్వం పురుషులకూ ఉంది. కింజరాపు కుటుంబమే అందుకు సాక్ష్యం. తేడా ఏమిటంటే, పురుషుడికి అది ఉన్న దారుల్లో ఒకటి. స్త్రీకి దాదాపు అదొక్కటే దారి. వైద్యవృత్తి నుంచి వచ్చిన కృపారాణి ఈ సూత్రానికి మినహాయింపు. ఆ మినహాయింపే ఇక్కడి రికార్డులో అత్యంత పెద్ద విజయాలలో ఒకటి కావడం ఆలోచించదగ్గది.

రెండు ఇళ్లు ఉండడం వల్ల స్త్రీకి కులం విషయంలో అదనపు చిక్కు ఒకటి ఏర్పడుతుంది. చట్టం దృష్టిలో కులం పుట్టుకతో వచ్చేది. పెళ్లి వల్ల రిజర్వేషన్ అర్హత సంక్రమించదని సుప్రీంకోర్టు 1996లో వల్సమ్మ పాల్ కేసులో తేల్చింది. ఊళ్లో లెక్క వేరు. ఆమె 'మన ఆడబిడ్డ' అని పుట్టింటివారు, 'మన కోడలు' అని అత్తింటివారు అనవచ్చు, లేదా ఇద్దరూ కాదనవచ్చు. పురుష అభ్యర్థి ఎవరిని పెళ్లాడినా అతని కులం ఏదన్న ప్రశ్న రాదు. స్త్రీ విషయంలో ప్రత్యర్థి ఆ ప్రశ్నను ఎప్పుడైనా లేవనెత్తవచ్చు.

ఎంపిక భాష

టికెట్ల వార్తల పదజాలం ఈ వ్యవస్థను తనకు తెలియకుండానే బయటపెడుతుంది. కులం అన్న మాటను వార్తాభాష తప్పించి 'సామాజికవర్గం' అంటుంది. కులాల లెక్క 'సామాజిక సమీకరణం' అవుతుంది. పోటీ కోరేవారు 'ఆశావహులు'. ఎంపికైనవాడు 'గెలుపు గుర్రం'. గుర్రం పోలికలో దాని మీద పందెం కట్టేవాడు వేరే ఉంటాడన్న అర్థం ఇమిడి ఉంది, ఓటరు అక్కడ ప్రేక్షకుడే. పురుష అభ్యర్థి 'నేత', 'నాయకుడు'. స్త్రీ అభ్యర్థి 'ఆడపడుచు', 'ఆడబిడ్డ', 'వారసురాలు'. ప్రేమతో పిలిచిన ఆ పిలుపులన్నీ బంధుత్వ పదాలే. ఆమె పదవికి అర్హత ఎవరికో బంధువు కావడం నుంచి వచ్చిందని అవి ముందే చెప్పేస్తాయి. తెలుగు వ్యాకరణంలో ఏకవచనంలో స్త్రీవాచకాలకు అమహద్వాచకాల క్రియారూపమే వస్తుందన్నది తెలిసినదే. 'ఆమె గెలిచింది', 'అది గెలిచింది' ఒకటే. గౌరవార్థక బహువచనం వచ్చినప్పుడు మాత్రమే 'ఆమె గెలిచారు', 'ఆయన గెలిచారు' సమానమవుతాయి. పదవి వస్తేనే వ్యాకరణం సమానం చేస్తుందన్నమాట.

ఉద్దానం స్త్రీల రాజకీయ చరిత్ర ఈ బంధుత్వ పదాల్లో ఇమిడేది కాదు. మందస జమీందారీ వ్యతిరేక రైతు ఉద్యమంలో 1940 ఏప్రిల్ 1న గుడారి రాజమణిపురంలో పోలీసు కాల్పులకు ఎదురునిలిచి మరణించిన వీరగున్నమ్మ, 1969 డిసెంబరులో మరణించిన శ్రీకాకుళ గిరిజన రైతాంగ పోరాట నాయకురాలు పంచాది నిర్మల ఈ సీమ జ్ఞాపకంలో ఉన్నారు. 2010 జులై 14న సోంపేటలో, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో థర్మల్ విద్యుత్ కేంద్రాల వ్యతిరేక ఉద్యమాలపై కాల్పులు జరిగాయి. ఆ ఉద్యమాల్లో ముందు వరుసలో నిలిచినవారిలో స్త్రీలు పెద్దసంఖ్యలో ఉన్నారు. పలాస జీడిపప్పు పరిశ్రమ నడిచేది వారి చేతుల మీదనే. 2011 జనగణన ప్రకారం ఉమ్మడి జిల్లాలో వెయ్యిమంది పురుషులకు 1,015 మంది స్త్రీలు. మగవారు గుజరాత్ తీరానికో నగరాలకో వలసపోయిన మత్స్యకార గ్రామాల్లో ఊరిని నిలబెట్టేది స్త్రీలే. పార్టీలు ఈ సంగతి ఎరగనివి కావు. పసుపు-కుంకుమ, ఆసరా, చేయూత, ఉచిత గ్యాసు, ఉచిత బస్సు ప్రయాణం అన్నీ ఆ ఎరుకతో వచ్చినవే. లబ్ధిదారుగా స్త్రీని గుర్తించినంత సులభంగా అభ్యర్థిగా గుర్తించలేదు.

రిజర్వేషన్, రాబోయే ఎంపిక

ఎంపికదారు చేతిని చట్టం కొంత కట్టినప్పుడు ఏమవుతుందో చెప్పే పరిశోధనలు ఉన్నాయి. ముంబయి నగరపాలక ఎన్నికలను పరిశీలించిన రిఖిల్ భావ్నాని, మహిళలకు కేటాయించిన వార్డుల్లో ఆ కేటాయింపు తొలగిన తర్వాత కూడా స్త్రీలు గెలిచే అవకాశం ఇతర వార్డులతో పోలిస్తే సుమారు ఐదు రెట్లు ఉందని 2009లో చూపారు. అనుభవం ఉన్న స్త్రీలు పెరగడం, వారు గెలవగలరని పార్టీలు తెలుసుకోవడం అందుకు కారణాలు. పిరియా విజయ 2021లో జిల్లా పరిషత్ అధ్యక్షురాలై, 2024లో శాసనసభ అభ్యర్థి కావడం ఇక్కడ ఆ దారికి ఒక ఉదాహరణ. స్థానిక సంస్థల్లో సగం స్థానాలు స్త్రీలవైన రాష్ట్రంలో అటువంటి ఉదాహరణలు ఇంత అరుదుగా ఉండడమే వివరణ కోరుతుంది.

ఫ్రాన్సెస్కా జెన్సేనియస్ 2016లో ప్రచురించిన అధ్యయనం మరో కోణం చూపింది. పార్టీలు స్త్రీలకు టికెట్లు ఇచ్చేటప్పుడు రిజర్వుడు నియోజకవర్గాల వైపు ఎక్కువగా మొగ్గుతున్నాయని, ఆ మేరకు తగ్గేది అక్కడి దళిత, ఆదివాసీ పురుషుల వాటాయేనని, జనరల్ స్థానాల్లోని ప్రబల పురుషులది కాదని ఆమె నిరూపించారు. ఈ జిల్లాలో ఎచ్చెర్ల ఎస్సీ రిజర్వుడు స్థానంగా ఉన్నకాలంలో అక్కడి నుంచి పలుమార్లు గెలిచిన కావలి ప్రతిభాభారతి 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభకు తొలి మహిళా స్పీకరు అయ్యారు. ఆ ఘనతతో పాటు, జనరల్ స్థానాల్లో అటువంటి స్త్రీలు ఎందుకు ఎదగలేదన్న ప్రశ్న కూడా ఆమె చరిత్రలోనే ఉంది. 2024లో జిల్లాలోని ఎనిమిది స్థానాల్లో గెలిచిన స్త్రీ శిరీష ఒక్కరే.

2023 నాటి 106వ రాజ్యాంగ సవరణ లోక్‌సభ, శాసనసభల్లో మూడోవంతు స్థానాలను స్త్రీలకు కేటాయించింది. అమలును తదుపరి జనగణనకు, పునర్విభజనకు ముడిపెట్టింది. ఎస్సీ, ఎస్టీ స్థానాల్లోనూ మూడోవంతు ఇచ్చిన ఆ చట్టంలో వెనుకబడిన తరగతుల స్త్రీలకు ప్రత్యేక వాటా లేదు. ఉద్దానం వంటి ప్రాంతంలో వెనుకబడిన తరగతుల స్త్రీయే అభ్యర్థి అవుతుంది, అందులో సందేహం అక్కరలేదు. ఏ కులపు స్త్రీ, ఏ ఇంటి స్త్రీ అన్నదే ప్రశ్న. కాళింగ, వెలమ కుటుంబాల కోడళ్లూ కూతుళ్లూ ఆ జాబితాలో సులభంగా చేరతారు. వజ్రపుకొత్తూరు తీరపు జాలరి స్త్రీ, మందస కొండల సవర స్త్రీ, కాశీబుగ్గ జీడి కార్మికురాలు చేరడానికి పార్టీలో సభ్యుల ఓటింగో, కనీసం బయటపెట్టే సర్వేయో కావాలి.

ఈలోగా పరిశోధకులకు అందుబాటులో ఉన్న సామగ్రి లేకపోలేదు. ప్రతి ఎన్నిక తర్వాత పోలింగు కేంద్రాలవారీగా ఓట్లను నమోదు చేసే ఫారం-20 పత్రాలు పలాసకు 2019, 2024 రెండింటికీ ఉంటాయి. ఇద్దరు అభ్యర్థులూ మారని నియోజకవర్గం కనుక, దేవునల్తాడ వంటి తీరగ్రామాల బూత్‌లలో, పలాస-కాశీబుగ్గ పట్టణ బూత్‌లలో, మందస గిరిజన గ్రామాల బూత్‌లలో ఆధిక్యం ఎంతెంత కదిలిందో పోల్చవచ్చు. గాలి అన్నిచోట్లా ఒకేలా వీచి ఉంటే కదలికా ఒకేలా ఉండాలి. తీరగ్రామాల్లో అది తక్కువగా ఉంటే కులబంధం ఎంతవరకు నిలిచిందో తెలుస్తుంది. స్త్రీ పురుష ఓటర్ల పోలింగు సంఖ్యలను కేంద్రాలవారీగా జతచేస్తే, స్త్రీల పోలింగు పెరిగిన చోట్ల శిరీషకు అదనపు ఓటు వచ్చిందా లేదా అన్నది కూడా కొంతవరకు పరీక్షించవచ్చు.